డబ్బా పరీక్ష

చల్లమ్మ అన్నది ఆవిడ అసలు పేరు కాదు. వర్క్‌షాపులో కూలింగ్ సెక్షన్‌లో పని చేస్తుంది కనక ఎవరో సరదాకి అలా పిలిచారు, అది కాస్తా అతుక్కుపోయింది. పిలిచినవాడెవడో గాని గట్టి వేళాకోళపు మనిషి అయి ఉండాలి, ఎందుకంటే ఆవిడలో చల్లనిదంటూ ఏమీ లేదు. కోపం ముక్కు మీదే ఉంటుంది. ముందు అనేస్తుంది, తర్వాత ఆలోచిస్తుంది, ఆలోచించాక కూడా అన్న మాట వెనక్కి తీసుకోదు. కట్టుకున్నాయన దర్జీ. "మా ఇంట్లో ఇస్త్రీపెట్టె ఎందుకండీ, మా ఆవిడ ఒక్కసారి చూస్తే ముడతలన్నీ పోతాయి" అని కొట్టుకి వచ్చినవాళ్ళతో చెబుతుంటాడు. ఆవిడ అది విన్నది కూడా. వినీ ఊరుకుంది, అబద్ధమైతే కదా దెబ్బలాడటానికి.

ఆ వర్క్‌షాపు సైన్యానిది. పొడవాటి రేకుల షెడ్డు, నూనె ఇంకిపోయిన సిమెంటు నేల, ఒక పక్కన వరసగా లారీలు. సరుకులు మోసే లారీలు కావు. ఒక్కొక్క లారీ వెనక ఒక ఇనప గది బిగించి ఉంటుంది. కిటికీ లేదు. ఒకటే తలుపు, దుమ్ము చొరబడకుండా దానికి రబ్బరు అంచు. లోపల గోడ పొడుగునా ఎలక్ట్రానిక్ పరికరాలు, వాటి ముందు రెండు కుర్చీలు. ఆకాశంలో ఏ మూల ఏది ఎగిరినా ఆ కుర్చీల్లో ఉన్నవాళ్ళు తెర మీద చూసి చెప్పాలి. అంతటి సరంజామాకీ ఎండ పడదు. కాస్త వేడెక్కితే తెర మీద లేనివి కనిపిస్తాయి, ఉన్నవి మాయమవుతాయి. ఇంకాస్త వేడెక్కితే మొత్తం కళ్ళు తేలేస్తుంది. దాన్ని చల్లగా ఉంచడమే చల్లమ్మ సెక్షను పని.

ఈ పని ఆవిడకి పుట్టింటి నుంచి వచ్చింది. తండ్రి ఫ్రిజ్జులు బాగుచేసేవాడు. ఇరుకు సందులో, మెట్ల కింద కొట్టు. లోపల తలుపులూడిన ఫ్రిజ్జులు, మూలల్లో చుట్టలు చుట్టిన రాగి గొట్టాలు. బడి వదలగానే పిల్ల అక్కడికే చేరేది. ఆడపిల్ల చేతులకి ఆ మసేమిటని తల్లి నెత్తీనోరూ కొట్టుకునేది. వద్దన్న పని చేసి తీరడం ఆవిడకి అప్పటినుంచే అలవాటు. గ్యాసు మంటతో గొట్టాలు అతకడం తండ్రి పక్కన నిలబడి నేర్చేసుకుంది. సైన్యం వర్క్‌షాపులో ఫిట్టర్లు కావాలని తెలిసి వెళితే, గేటు దగ్గరివాళ్ళు ఆవిడని ఎగాదిగా చూసి, వంటగది ఉద్యోగాలు అటు పక్క అని వేలు చూపించారు. ఒళ్ళు మండింది గాని నోరు మెదపలేదు. అలాంటి రోజులు ఆవిడ జీవితంలో చాలా తక్కువ. లోపలికి వెళ్ళి, పరీక్షకని ఇచ్చిన రెండు గొట్టాలు అతికి, చల్లారాక వాటిని పట్టుకొచ్చి గేటువాళ్ళ చేతిలో పెట్టింది. "ఒక కొస మూసి ఊదండి. గాలి ఎక్కడన్నా పోతే వంటగదికే పోతాను" అంది. పాపం వాళ్ళు బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదారట.

అప్పట్లో సెక్షన్‌కి పెద్ద మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది, దాన్ని అందరూ డబ్బా పరీక్ష అనేవారు. లారీ గదికి ఏసీ బిగించడం పూర్తయ్యాక, మిట్టమధ్యాహ్నం దాన్ని ఆరుబయట ఎండలో నిలబెట్టి పరికరాలన్నీ నడిపించేవారు. ఎవరు బిగించారో వాళ్ళే తమ అన్నం డబ్బా పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకోవాలి. అక్కడే కూర్చుని భోంచేయాలి. డబ్బా ఖాళీగా బయటికొస్తే పని బాగున్నట్టు. అన్నం మిగిలిందా, మళ్ళీ విప్పి బిగించాల్సిందే. డబ్బా మూత తీసి చూశాకే ఆయన పంచ్ పట్టుకోనిచ్చేవాడు. పంచ్ అంటే ఇనప ఉలి లాంటిది, సుత్తితో కొడితే గొట్టం మీద గుర్తు పడుతుంది. ఒక్కొక్క ఫిట్టరుకి ఒక్కొక్క గుర్తు. చల్లమ్మది మూడు చుక్కలు. గుర్తు లేని లారీని గేటు దాటనిచ్చేవారు కాదు.

కొత్తలో ఆవిడ ఊరుకోక అడిగింది, గోడకి వేడి చూపించే మీటరు ఉంది కదా, మళ్ళీ మనం పోయి ఉడకడం దేనికని. పెద్ద మేస్త్రీ తలెత్తకుండానే, "మీటరు అన్నం తినదు" అన్నాడు. ఇంకో మాట లేదు.

తర్వాత కాలం మారింది. పరికరాల్లోనే సెన్సర్లు వచ్చాయి. బయట కంప్యూటరు ముందు కూర్చుంటే లోపల ఏ ముక్క ఎంత వేడెక్కిందో తెలిసిపోయేది. పెద్ద మేస్త్రీ రిటైరయ్యాడు, కొన్నాళ్ళకి పోయాడు. డబ్బా పరీక్షని ఎవరూ రద్దు చేయలేదు, ఊరికే మానేశారు. ఎండలో ఉడకడం తప్పిందని అందరితో పాటు చల్లమ్మా సంబరపడింది. భోజనాలు షెడ్డు నీడకి మారాయి. గుర్తు కొట్టడం మాత్రం మిగిలింది.

అలా ఉండగా పాత పరికరాలు పోయి కొత్తవి వచ్చాయి. పాతవాటి కంటే ఎక్కువ దూరం చూస్తాయి, ఎక్కువ వేడి కక్కుతాయి. వాటికి ఏసీ గాలి ఏ మూలకీ చాలదు. దీనికి దారి వెతకమని ఒక ఇంజినీరుని పంపించారు. నెమ్మదైన మనిషి. ఏం చెప్పినా "చూద్దాం" అనేవాడు, అని నిజంగానే చూసేవాడు. ఆయన పథకం బాగుంది. అల్యూమినియం పలకల్లో సన్నటి కాలువలు తీసి, ఆ పలకల్ని పరికరాల వీపుకి ఆనించి బిగిస్తారు. కాలువల్లో చల్లటి ద్రవం పారుతుంది, వేడిని మోసుకుని బయటికి పోతుంది, అక్కడ చల్లబడి మళ్ళీ వస్తుంది. సెక్షన్‌లో దాన్ని రంగునీళ్ళు అనేవారు. గాలిని గదంతా తిప్పే బదులు చల్లదనాన్ని నేరుగా అక్కర ఉన్నచోటికే తీసుకెళ్ళడమన్నమాట. ఇది చల్లమ్మకి తెగ నచ్చింది. చెయ్యి పట్టని సందుల్లో అతుకులు వేయాలి, ఒక్క బొట్టు కారినా పరికరం బూడిద. అలాంటి పని దొరకడమే అదృష్టమని ఇంట్లో మొగుడి చెవిలో జోరీగలా అదే పాట.

మొదటి లారీ పరీక్ష రోజున కంప్యూటరు తెర నిండా పచ్చ రంగే. చప్పట్లు కొట్టారు. పాత ఏసీని పీకి గోడవారగా పడేశారు. జనరేటరుకి దాన్ని కూడా లాగే శక్తి లేదు, గదిలో చోటూ లేదు. చల్లమ్మ గొట్టం మీద మూడు చుక్కలు కొట్టింది, లారీ గేటు దాటి వెళ్ళిపోయింది. పరికరం చల్లగా ఉంటే గది చల్లగా ఉన్నట్టే, గది చల్లగా ఉంటే మనిషి చల్లగా ఉన్నట్టే. ఏళ్ళ తరబడి వాళ్ళకి అలవాటైన లెక్క అది. ఇప్పుడు పరికరం దారి వేరు, మనిషి దారి వేరు అయిందని సెక్షన్‌లో ఒక్కరికీ తట్టలేదు, చల్లమ్మకీ తట్టలేదు.

తట్టించడానికి ఆ సంగతి ఇంటికే నడిచొచ్చింది.

చల్లమ్మకి పిల్లల్లేరు. మేనకోడలు ఉంది, అన్న కూతురు. వదిన పోయాక ఆ పిల్ల ఈ ఇంట్లోనే పెరిగింది, మావయ్య కుట్టుమిషను కింద గుడ్డపీలికలతో ఆడుకుంటూ, అత్త నోట లారీల కబుర్లు వింటూ. పెద్దయ్యాక నువ్వు చల్లబెట్టే గదిలో నేను కూర్చుంటానత్తా అనేది. అన్నంత పనీ చేసింది. సైన్యంలో చేరి, శిక్షణ ముగించుకుని, ఆ రెండు కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుంది. ఆ కబురు చల్లమ్మ వీధిలో ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

ఈసారి సెలవు మీద వచ్చిన పిల్ల అద్దం ముందు మెడకి పౌడరు అద్దుకుంటుంటే అత్త కంట పడింది. మెడ చుట్టూ ఎర్రగా పొక్కిపోయి ఉంది. ఏమిటే అంటే చెమటకాయలంది. మొహం అలా పీక్కుపోయిందేమే అంటే ప్రయాణం బడలిక అంది. చల్లమ్మ ముందు అబద్ధాలు ఎంతసేపు నిలుస్తాయి. చివరికి బయటపెట్టింది. కొత్త లారీ వచ్చిందట. పరికరాలు మహారాజుల్లా ఉన్నాయట. గదిలో మాత్రం ఊపిరాడదు. దుమ్ము పడుతుందని తలుపు తీయనివ్వరు. తడి తువ్వాళ్ళు మెడకి చుట్టుకుని కూర్చుంటున్నారు. పక్క కుర్చీలో అమ్మాయి ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఒరిగిపోయింది. ఆ పిల్లని పట్టుకునే కంగారులో తెర మీద కదిలిందేమిటో ఇద్దరూ చూడలేదు. పైవాళ్ళకి చెబితే, పరికరం సరిగ్గానే ఉంది కదా, ఇంకేమిటి అన్నారు.

"గొట్టం మీద నీ మూడు చుక్కలు ఉన్నాయత్తా," అంది పిల్ల. "ఇది మా అత్త చేసిందే అని అందరికీ చూపించాను."

చల్లమ్మకి తల కొట్టేసినట్టయింది. తన చేతి గుర్తు వేసి మరీ ఆ గదిలోకి ఈ పిల్లని పంపింది తనే కదా అనిపించింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి కిందికి దిగకముందే కోపం వచ్చేసింది. ఇప్పుడే పోయి అడుగుతానని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. పిల్ల అడ్డం పడింది. లోపలి సంగతులు ఇంట్లో చెప్పిందని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది, ఊడటంతో పోదు కూడా. నా పేరు ఎత్తనని ఒట్టెయ్యమంది. చల్లమ్మ పళ్ళు కొరుక్కుంటూ ఒట్టు వేసింది.

మర్నాడు ఇంజినీరు దగ్గరికి పోయి, పిల్ల ఊసెత్తకుండా, గదిలో మనుషుల సంగతేమిటని అడిగింది. అమాయకంగా మొహం పెడతాడేమో, అప్పుడు దులిపేద్దామని చూసింది. ఆయన అలా చేయలేదు. తనకి తెలుసన్నాడు. మొదట్లోనే అడిగానన్నాడు. రంగునీళ్ళ గొట్టానికి ఒక పిల్ల గొట్టం తగిలించి, కుర్చీల నెత్తిన చిన్న ఫ్యాను పెడితే సరిపోతుంది. అయితే ఒక పరికరం తీసి ఆ చోటు ఇవ్వాలి. దానికి పైవాళ్ళు ఒప్పుకోలేదు. ఆయన తల దించుకుని చెబుతుంటే తిట్టబుద్ధి కాలేదు. మీరు గట్టిగా అడగలేదు, అంది అంతే. ఆయన కాదనలేదు.

అక్కణ్ణించి తిన్నగా పెద్దసారు గదికి వెళ్ళింది. వర్క్‌షాపు మొత్తానికి అధికారి ఆయన. బయట రేకుల కింద మనుషులు కాలిపోతుంటే ఆయన గదిలో అడుగు పెట్టగానే చలికి రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఓపిగ్గానే విన్నాడు.

"మనుషులు తట్టుకుంటారమ్మా. శిక్షణ ఇచ్చేది అందుకే," అన్నాడు. "యంత్రాలకి శిక్షణ ఇవ్వలేం కదా."

"మరి మీకు ఇవ్వలేదా సార్," అంది చల్లమ్మ, గోడ మీద గుయ్యిమంటున్న ఏసీ వంక చూస్తూ.

పెద్దసారు మొహం మాడిపోయింది. రెండో లారీ తయారవుతోంది, పైనుంచి తనిఖీకి పెద్ద అధికారి వస్తున్నాడు, ఆ రోజు నోరు మూసుకుని గుర్తు కొట్టు అన్నాడు. కొట్టకపోతే క్యాంటీన్‌లో ఫ్రిజ్జులు ఎదురుచూస్తున్నాయన్నాడు. పరీక్ష అయ్యాక చూస్తాను సార్ అని ఆవిడ వచ్చేసింది. సెక్షన్‌లో వాళ్ళు చుట్టూ మూగారు. ఒకరు సర్దుకుపొమ్మన్నారు, ఒకరు రిటైర్మెంటు దగ్గరకొస్తోంది ఇప్పుడెందుకీ పంతాలన్నారు. ఒక్కటీ చెవిన వేసుకోలేదు.

తనిఖీ రోజు పొద్దున డబ్బా సర్దుతున్న మొగుడు ఆవిడ మొహం చూసి గరిటె కింద పెట్టాడు. ఇవాళ నువ్వేదో చేయబోతున్నావు అన్నాడు. అవునంది. అన్నం కాస్త ఎక్కువ పెట్టనా అన్నాడు. రోజూ పెట్టినంతే పెట్టండి, తినగలనో లేదో చూడాల్సింది అదేగా అంది. ఆయనకి అర్థమయీ కానట్టుంది గాని, వాదించి నెగ్గిన చరిత్ర ఆ ఇంట్లో లేదు. సంచిలో మంచినీళ్ళ సీసా పెట్టి, కాసేపాగి, ఇంకో సీసా కూడా పెట్టాడు. గుమ్మం దాకా వచ్చి, వంట్లో ఎలా ఉన్నా పైకి చెప్పవు, ఇవాళ మాత్రం చెప్పు అన్నాడు. సరేనంది.

ఎండ పెళపెళలాడుతోంది. లారీని ఆరుబయట నిలబెట్టారు. పందిరి నీడన కుర్చీలు, కుర్చీల్లో పెద్దసారు, ఆయన పక్కన తనిఖీకి వచ్చిన అధికారి, బల్ల మీద కంప్యూటరు, దాని ముందు ఇంజినీరు. పరీక్ష నియమం అందరికీ తెలిసిందే. తలుపు మూసి పరికరాలన్నీ పూర్తి జోరు మీద నడపాలి. గడువు ముగిసేదాకా తలుపు తీయకూడదు. తీశారా, బయటిగాలి లోపలికి పోయి లెక్కలు తప్పుతాయి, పరీక్ష పోయినట్టే. పరికరాల మీటలు వేయడానికి చివర్లో ఒకరు లోపలికి వెళ్ళాలి, వేసి బయటికొచ్చి తలుపు మూయాలి. ఆ పని చల్లమ్మది. మీటలు వేసింది. తలుపు మూసింది. లోపల్నుంచి.

బయట మొదట ఎవరికీ అర్థం కాలేదు. గడియ పడ్డ చప్పుడు విన్నాక సెక్షన్‌లో ఒక ముసలి ఫిట్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అన్నం డబ్బా పట్టుకెళ్ళిందిరా" అన్నాడు.

లోపల చల్లమ్మ కుర్చీలో కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. పరికరాలు సన్నగా ఈల వేస్తున్నాయి. కాసేపటికే ఇనప గోడలు వేడి ఊదడం మొదలెట్టాయి. కుర్చీ బెల్టుకున్న ఇనప బకిలు మోచేతికి తగిలి చురుక్కుమంది. రవిక వీపుకి అంటుకుపోయింది. రెప్పల మీది చెమట కళ్ళల్లోకి దిగి తెర మసకబారింది. ఎదురుగా, ముందు రేకు ఇంకా బిగించని చోట, తను అతికిన గొట్టం మీద చల్లటి నీటిబొట్లు పట్టి ఉన్నాయి. చెయ్యి చాస్తే అందుతుంది. చెంప ఆనిస్తే ప్రాణం లేచొస్తుంది. పిల్లలు కూర్చునేటప్పుడు ఆ రేకులు బిగించేసి ఉంటాయి, వాళ్ళకి అందదు. వాళ్ళకి అందనిది నాకెందుకు అనుకుని చెయ్యి ఒళ్ళోనే ఉంచుకుంది. డబ్బా మూత తీసింది. అన్నం వాసనే పడలేదు. మూత పెట్టేసింది.

గదిలో మాట్లాడుకోవడానికి స్పీకరు ఉంది. అందులోంచి పెద్దసారు గొంతు వచ్చింది, వెంటనే బయటికి రమ్మని. పరీక్ష మధ్యలో తలుపు తీయకూడదు కదా సార్ అంది. ఎవరు కూర్చోమన్నారు నిన్ను అని గద్దించాడు. బిగించినవాళ్ళే కూర్చోవాలని ఈ సెక్షన్ పద్ధతి, ఎవరూ రద్దు చేయలేదు, మానేశామంతే అంది. ఆయన గొంతు తగ్గించి, ఎవరో నీకు కబుర్లు మోశారు, ఎవరది అన్నాడు.

"మోసేదెవరు సార్, ఇక్కడ నేనే కూర్చున్నాను కదా," అంది చల్లమ్మ. "ఇంకొకరి మాటతో పనేముంది."

అప్పుడు ఇంకో గొంతు వినిపించింది. తనిఖీ అధికారిది. లోపల ఎలా ఉంది అని అడిగాడు.

"పరికరాలు హాయిగా ఉన్నాయి సార్. నేనే లేను."

బయట కంప్యూటరు తెర మీద అంతా పచ్చగానే ఉంది. ఇంజినీరు ఆ పచ్చ రంగు వంక చూస్తున్నాడు. ఇంకాసేపు ఆగితే గడువు ముగుస్తుంది, ఇన్నాళ్ళ ఆయన కష్టం గట్టెక్కుతుంది. ఇంకేం చెబుతావమ్మా అని తనిఖీ అధికారి స్పీకరులో అడిగితే, ఈసారి జవాబు రాలేదు. మళ్ళీ అడిగాడు. లోపల నీళ్ళ సీసా కిందపడి దొర్లిన చప్పుడు వచ్చింది. ఇంజినీరు లేచాడు. చూద్దాం అనలేదు. గడువు కాలేదు, ఆగు అని పెద్దసారు అరుస్తున్నా ఆగకుండా పోయి, లోపలి గడియని కూడా విప్పే బయటి పిడి పట్టుకుని లాగి తలుపు తీసేశాడు. తెర మీద పచ్చ రంగు పోయి ఎరుపు వచ్చింది. తన పరీక్షని తనే చెడగొట్టుకున్నాడు, ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు.

చల్లమ్మ కుర్చీలోనే ఉంది, స్పృహలోనే ఉంది, నాలుక పిడచకట్టుకుపోయి మాట రాలేదంతే. ఇంజినీరు భుజం ఆసరా ఇవ్వబోతే వద్దని, చెక్కమెట్లు తన కాళ్ళ మీదే దిగింది. నీళ్ళు తాగింది. తర్వాత పందిరి దాకా నడిచి, తనిఖీ అధికారి ముందు బల్ల మీద డబ్బా పెట్టి మూత తీసింది. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆయనకి ఆ పద్ధతి తెలియదు. ముసలి ఫిట్టరు ముందుకొచ్చి రెండు మాటల్లో చెప్పాడు. ఆయన లేచి లారీ ఎక్కి, కుర్చీలో కూర్చోబోయి, బకిలు మీద చెయ్యి పడి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. దిగొచ్చి ఈ లారీ తీసుకోను అన్నాడు.

అంతటితో చల్లమ్మకి దండలు వేస్తారనుకుంటే పొరపాటు. క్రమశిక్షణ తప్పిందని క్యాంటీన్ ఫ్రిజ్జులకి వేశారు. పంచ్ లాక్కున్నారు. ఆవిడ వెళ్ళి ఫ్రిజ్జులు బాగుచేసింది. ఎవరన్నా జాలి పడబోతే, మా నాన్న జీవితమంతా ఇవే చేశాడు, నాకేం తక్కువైంది అని తోలేసేది. ఇంట్లో మాత్రం మొగుడి ముందు కూర్చుని ఒకరోజు బావురుమంది, ఉద్యోగం కోసం కాదు, ఆ పిల్ల ఇంకా ఆ మొదటి లారీలోనే కూర్చుని ఉందని. ఆయన కత్తెర పక్కన పెట్టి, కుట్టడం మానేసి, పక్కనే కూర్చున్నాడు.

ఇంజినీరు ఈసారి గట్టిగానే అడిగినట్టున్నాడు. రెండో లారీలో ఒక పరికరం తీసి పక్కన పెట్టారు. పిల్ల గొట్టం, ఫ్యాను, అన్నీ బిగించారు. తీరా లారీ గేటు దగ్గర ఆగిపోయింది. గుర్తు లేదు. కొట్టమంటే ముసలి ఫిట్టరు తనవి కాని అతుకుల మీద తన గుర్తు ఎలా కొడతానన్నాడు. రెండోవాడూ అదే అన్నాడు. పెద్దసారు ఎంత గుడ్లురిమినా సెక్షన్ మొత్తం ససేమిరా అంది. సర్దుకుపొమ్మని ఆవిడకి చెప్పినవాళ్ళే వీళ్ళంతా. చివరికి ఇంజినీరుని క్యాంటీన్‌కి పంపక తప్పలేదు పెద్దసారుకి.

చల్లమ్మ ఫ్రిజ్జు వెనకనుంచి లేవలేదు. వస్తాను గాని ఊరికే రానంది. ఇకమీదట ప్రతి లారీకీ డబ్బా పరీక్ష జరగాలి. ముందు పంపిన లారీని వెనక్కి పిలిపించి దానికీ ఈ ఫ్యాను బిగించాలి, మొదటి పరీక్ష దానికే. ఇవి ఒప్పుకుంటేనే పంచ్ పట్టుకుంటాను అంది. ఇంజినీరు నవ్వి, చూద్దాం అన్నాడు. ఆయన చూద్దాం అంటే నిజంగానే చూస్తాడని ఆవిడకి తెలుసు.

మొదటి లారీ తిరిగొచ్చింది. పరికరాలు నడపడానికి దాంతో పాటు ఒక సైనికురాలు కూడా దిగింది. చల్లమ్మని చూసి, ఎప్పుడూ ఎరగనట్టు నమస్కారమండీ అంది. చల్లమ్మ కూడా, కొత్తవాళ్ళని పలకరించినట్టు, నమస్కారమమ్మా అంది. సెక్షన్‌లో అందరికీ ఆ పిల్ల ఎవరో తెలుసు. అయినా అందరూ తలలు తిప్పుకుని స్పానర్లు వెతుక్కున్నారు.

అతుకులన్నీ చల్లమ్మే వేసింది. ఎండ నడినెత్తిన ఉండగా ఇద్దరూ లోపలికి వెళ్ళారు. తలుపు మూసుకున్నాక, "ఏం తెచ్చావత్తా, ఆకలేస్తోంది" అన్న మాట సన్నగా బయటికి వినిపించిందని ముసలి ఫిట్టరు తర్వాత చెప్పాడు. పెద్దసారు పందిరి కింద బిగుసుకుని కూర్చున్నాడు. కంప్యూటరు తెర పచ్చగా ఉంది. గడువు ముగిసింది. ఎవరూ బయటికి రాలేదు. స్పీకరులో పిలిస్తే పలుకు లేదు. ఇంజినీరు లేచాడు. పోయినసారి సంగతి గుర్తొచ్చి ఒక్క పరుగున పోయి తలుపు లాగాడు, వెనకే పెద్దసారు, వాళ్ళ వెనక సెక్షనంతా.

పిల్ల తెర ముందు నిటారుగా కూర్చుని పని చూసుకుంటోంది. వీళ్ళని చూసి పెదాల మీద వేలు పెట్టింది. పక్క కుర్చీలో, మోకాళ్ళ మీద ఖాళీ డబ్బా పెట్టుకుని, తల వెనక్కి వాల్చి, నెత్తిన ఫ్యాను గాలికి జుట్టు కదులుతుంటే, చల్లమ్మ నిద్రపోతోంది. సన్నగా గురక కూడా.

పెద్దసారు గొంతు సవరించుకున్నాడు.

ఆవిడ కళ్ళు తెరవలేదు. "ఎవరది తలుపు తీసింది," అంది. "వేడిగాలి వస్తోంది, మూయండి."